మిలిటరీ నుంచి వచ్చిన మనిషికి నిద్ర ఏదీ?

మన జిల్లాకు సైన్యం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరివారు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఉన్నారు, ఆ తరువాత మన దేశం చేసిన యుద్ధాల్లోనూ ఉన్నారు. ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని సెలవుపై వచ్చే సిపాయి వెంట పిల్లలు పరుగెత్తడం మన పల్లెల్లో పాత సంగతే. అయితే పింఛనుతో తిరిగి వచ్చాక ఆ మనిషి రాత్రిళ్లు ఎలా గడుపుతున్నాడని అడిగినవారు తక్కువ.

ఈ మాట ఎందుకంటే, మా మండలంలో ఒక మాజీ హవల్దారు గత నెల నుంచి మానసిక వైద్యుని వద్దకు వెళ్తున్నారు. పేరు, ఊరు వ్రాయవద్దన్నారు. తక్కినది వ్రాయమన్నారు. కాశ్మీరులో పనిచేసే రోజుల్లో ఆయన ముందు వెళ్తున్న బండి మందుపాతర మీద పేలిపోయింది. ఆయన ఒంటి మీద గీత పడలేదు. అందుకే ఇన్నేళ్లూ జబ్బు ఉన్నదని ఎవరికీ తోచలేదు, ఆయనకూ తోచలేదు. నిద్రలో కేకలు వేసి లేస్తారు. చేపల చెరువుల మీద కొంగలను తోలడానికి టపాకాయ కాలిస్తే గట్టు పక్కన బోర్లా పడుకుంటారు. దీపావళికి ముందురోజే ఏదో పని పెట్టుకుని ఊరు దాటిపోతారు. మాటకు ముందు కోపం. కాంటీను రమ్ము ఒకప్పుడు బంధువులకు పంచేవారు, పోనుపోను అది తనకే చాలేది కాదు. భార్య తాయెత్తు కట్టించారు. గాలి సోకిందన్నవారు అన్నారు, తాగుబోతన్నవారు అన్నారు.

ఇది గాలి కాదు, పిరికితనం అంతకన్నా కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య వణికిపోయిన సిపాయిలను చూసి 1915లో బ్రిటిషు వైద్యుడొకరు షెల్ షాక్ అని వ్రాశారు. ఆ యుద్ధంలో పారిపోయారని, పిరికిపందలని బ్రిటిషు సైన్యం తన సిపాయిలనే కాల్చి చంపింది. అలా పోయినవారిలో 306 మందికి 2006లో గాని క్షమాభిక్ష దక్కలేదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకంలో పి.టి.ఎస్.డి. పేరుతో దీన్ని చేర్చింది. ప్రాణం మీదికి వచ్చిన సంఘటన ఏనాడో ముగిసినా మనస్సుకు మాత్రం అది ముగియకపోవడమే ఈ జబ్బు.

డాక్టరు గారు ఆయనను ఒక్కరినే కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడుతున్నారు. తొలిరోజు పేలుడు ఊసే ఎత్తలేదట. నిద్ర ఎన్ని గంటలు, తాగుడు ఎంత, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడిగారు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు. "కరెంటు పెడతారనుకుని వెళ్లానండి, తీరా చూస్తే మాటలే. నవ్వొచ్చింది" అని హవల్దారు అన్నారు. రెండోసారి నవ్వు రాలేదట. జరిగినదాన్ని మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ మళ్లీ, రోగి నోటితోనే చెప్పించడం ఈ వైద్యంలో ఒక పద్ధతి. ఇన్నాళ్లు తప్పించుకు తిరిగిన చోట్లకు, చప్పుళ్లకు కొద్దికొద్దిగా అలవాటు చేయడమూ అందులో భాగమే. సాధారణంగా వారానికొకసారి చొప్పున ఎనిమిది నుంచి పదిహేను సార్లు వెళ్లాలి. మొదట్లో పీడకలలు ఎక్కువ కావచ్చు, కొందరు అక్కడే మానేస్తారు. అవసరాన్ని బట్టి మాత్రలు కూడా ఇస్తారు. అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేము గాని చాలామందికి తగ్గుతుంది.

ఆయన మూడోసారి వెళ్లి వచ్చేసరికి ఊళ్లో మాట పుట్టింది. మన వైపు "విశాఖపట్నం పంపాలి" అంటే అర్థం అందరికీ తెలుసు. టీ కొట్టు దగ్గర ఆ మాటే అన్నారు. ఆయన కుమార్తెకు సంబంధం చూస్తున్నారు, మాట అవతలి ఊరికీ చేరింది. కాలు విరిగితే బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వెళ్లేది మనమే. శాలువా కప్పి, ఆ వేదిక పక్కనే ఔట్లు పేల్చిందీ మనమే. మనస్సు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని, రోగి వివరాలు బయటపెట్టరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ఆ చట్టం ఆసుపత్రికి గాని టీ కొట్టుకు వర్తించదాయె.

అధికారులు చేయవలసింది కూడా ఉన్నది. మాజీ సైనికులకు 2003 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. ఆరోగ్య పథకం అమలులో ఉన్నది. కార్డు జేబులో ఉన్నవారిలో అది మనస్సు జబ్బుకూ పనికివస్తుందని ఎరిగినవారు ఎందరు? పింఛను సంగతులు చెప్పే సమావేశాల్లో ఈ ముక్క కూడా చెప్పడానికి ఖర్చేమీ లేదు. హవల్దారు రెండు బస్సులు మారి వెళ్తున్నారు, పూట పోతున్నది. నెలకు రెండు రోజులైనా మండల కేంద్రంలోని ఆసుపత్రికి మానసిక వైద్యుని పంపించవలసిన అవసరం ఉన్నది. అంతవరకు 14416 అనే నంబరు ఉన్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్‌కు రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు. ఇంట్లో ఆడవారు చేసినా చాలును.

వచ్చే గురువారం ఆయన నాలుగోసారి వెళ్లవలసి ఉన్నది. ఆ రాత్రే ఆయన వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు. మందుగుండు మానుకుంటామని పెళ్లివారు తమంతట తాము కబురు చేశారు. మానవద్దని, ఏ వేళకు కాలుస్తారో ముందుగా చెబితే చాలునని హవల్దారు తిరిగి కబురు పంపారు.