మిల్లుల నేల నేర్పు పాఠము

మహారాష్ట్రమందలి మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి తొలి ఆస్తి రెండు చేతులు మాత్రమే. తెలంగాణ పల్లెలనుండి వచ్చిన పద్మశాలీలు షోలాపూరునందును, భివండియందును, బొంబాయి మిల్లులందును బట్ట నేసి బిడ్డలను చదివించుకొనిరి. వారి సంతతివారము కొందరము నేడు సొంత యిండ్లలో నున్నాము. అందుచేతనే కాబోలు, మన సభలలో "కష్టపడినవాడు పైకి వచ్చును, రానివాడు సోమరి" యను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాటను మేము నిరాకరించుచున్నాము.

కష్టమే సంపదకు కొలబద్ద యైనచో బొంబాయి మిల్లు కార్మికుడు ఎప్పుడో భాగ్యవంతుడు కావలసినది. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున దాదాపు రెండున్నర లక్షల కార్మికులు సమ్మెకు దిగిరి. సమ్మె ఓడినది. ఎందరికో మరల పని దొరకలేదు. పిమ్మట మిల్లులు మూతపడినవి, యంత్రములు పాతయినుమైనవి, వాని క్రింది నేల మాత్రము బంగారమైనది. ఆ నేలలో మిల్లు తీసి క్రొత్త కట్టడము కట్టదలచినచో ఒక భాగము నగరపు బహిరంగ స్థలములకును, మరియొక భాగము ప్రభుత్వ గృహనిర్మాణమునకును పోవలెనని 1991లో నియమము చేసిరి. 2001లో దానిని సవరించి, కట్టడములు లేని ఖాళీ నేలకు మాత్రమే ఆ పంపకమును పరిమితము చేసిరి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలిపినది. నేడచ్చట అద్దాల మేడలు వెలసినవి. ఆ నేలకు విలువ తెచ్చిన దెవరు? రైలుదారులు వేసిన ప్రజాధనము, నగరమును నిలిపిన లక్షల జనుల శ్రమ. ఫలము దక్కిన దెవరికి? హక్కుపత్రము ఎవరి పేర నున్నదో వారికి!

అసమానతకు ముఖ్యకారణ మిదియే. కూలి నడచును, ఆస్తి విలువ పరుగెత్తును. సంపద కొందరిచేతనే చిక్కి లోకహితమునకు హాని కాగూడదని మన రాజ్యాంగము 39వ అధికరణమున ఆదేశించినది. అందుకు తగినట్లే 1953లో ఎస్టేటు సుంకమును, 1957లో సంపద పన్నును విధించిరి. మొదటిది 1985లో పోయినది. రెండవది 2015 బడ్జెటుతో పోయినది. రాబడి స్వల్పము, వసూలు ప్రయాస హెచ్చు అని కారణము చెప్పిరి. చేద చిల్లిపడినచో మాటు వేయుదురుగాని బావిని పూడ్చుదురా? 2019లో కంపెనీల ఆదాయపు పన్ను మూలరేటును 30 శాతమునుండి 22 శాతమునకు దింపిరి. సబ్బు కొను కూలివాడు మాత్రము కోటీశ్వరునితో సమానముగా పన్ను కట్టుచున్నాడు. 2022-23 నాటికి దేశసంపదలో సుమారు 40 శాతము నూటికి ఒక్కరి చేతిలో నున్నదని థామస్ పికెట్టీ ప్రభృతులు 2024లో లెక్క తేల్చిరి. ఇందాశ్చర్యమేమి?

దానము చాలునని కొందరందురు. మహారాష్ట్రమున బుట్టిన వినోబాజీకి 1951లో మన పోచంపల్లియందు వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములిచ్చిరి. ఆ త్యాగమునకు నమస్కరింతుము. కాని దాత మనసుపై ఆధారపడినది ధర్మమగును గాని హక్కు కాజాలదు.

కావున మేము కోరునవి మూడు. పెద్ద ఆస్తుల వారసత్వముపై పన్ను మరల రావలెను. సామాన్యుడు కట్టుకొన్న ఒక్క యింటిని అది ముట్టరాదు. ప్రజల శ్రమచే పెరిగిన నేల విలువలో ప్రజలకు వాటా ఉండవలెను. ఆ ధనము ప్రభుత్వపు బడికి, ఆసుపత్రికి, కార్మికుని యింటికి చేరవలెను.

చట్టము వచ్చువరకు మనము చేతులు ముడుచుకొనవలెనా? మన మగ్గముల శాలలో కూలి యెంత? మన యింట పాత్రలు తోము స్త్రీకి ఇచ్చు జీతమెంత? సెలవునాటి జీతము కోయుచున్నామా? ఈ లెక్క మొదట మన గడపలో తేల్చుకొందము. రెండు చేతులతో వచ్చిన వారి బిడ్డలము, రెండు చేతులవానిని సోమరి యనుట తాతలకు ద్రోహము.