తేనె చీమల మీద డబ్బు పెట్టే ముందు ఈము పక్షుల్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి

మినుము నూర్పిళ్ళు అయిపోయి కాస్త తీరిక దొరికింది. అందుకే ఈసారి కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు బెజవాడ నుంచి వచ్చాడు. అక్కడే డిగ్రీ చదువుతున్నాడు. నేను అన్నం తింటుంటే "పెదనాన్నా, ఇది చూడు" అని ఫోన్ ముందు పెట్టాడు. గూడు పైకప్పుకి చీమలు ద్రాక్షపళ్ళలాగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాని పొట్ట ఉబ్బిపోయి, బంగారు రంగులో మెరుస్తోంది. లోపలంతా తేనె. "రాణి చీమని ఆన్‌లైన్‌లో అమ్ముతారంట పెదనాన్నా. మన పాకలో పెంచి తేనె అమ్ముదామా?" అన్నాడు. అదే వీడియో మన ఊరి గ్రూపులో కూడా తిరుగుతోంది. అందుకే ఈ విషయం అందరితో మాట్లాడదామని రాస్తున్నా.

ముందు ఆ చీమ సంగతి చెబుతా. నిజంగా అద్భుతమైన జీవి, కాదనను. మెక్సికోలో, అమెరికా ఎడారుల్లో, ఆస్ట్రేలియా మధ్యలో ఉండే ఎండు నేలల్లో ఉంటాయి. అక్కడ వాన పడినప్పుడే పూలు, పూలున్నప్పుడే తిండి. అందుకని పనిచీమలు తేనె, పురుగులు విడిచే తియ్యటి జిగురు మోసుకొచ్చి కొన్ని చీమల నోట్లో పోస్తాయి. అవి నిండుకుండల్లా ఉబ్బి, కదల్లేక, నేల లోపల గది కప్పుకి వేలాడుతూ ఉండిపోతాయి. కరువొచ్చినప్పుడు మిగతావి వచ్చి మీసాలతో తడితే, అవి తేనె బయటికి తీసి నోటికి అందిస్తాయి. మన గాదె లాంటిదే, కాకపోతే ప్రాణమున్న గాదె. ఆస్ట్రేలియా ఆదివాసీలు వాటి కోసం లోతుగా తవ్వి, పొట్ట కొరికి తేనె తాగుతారు. ఆ తేనెకి సూక్ష్మక్రిముల్ని చంపే గుణం ఉందని 2023లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు చెప్పారు. ఇదంతా నిజమే.

మరి వ్యాపారం? మనం రైతులం, లెక్క వేద్దాం. పెద్ద మనసు చేసుకుని ఒక్కో చీమ పొట్టలో గ్రాము తేనె ఉందనుకోండి. కిలో తేనె కావాలంటే వెయ్యి నిండు చీమలు కావాలి. తేనెటీగల పెట్టెలో పట్టు తీసి పిండుకుని, ఈగల్ని మళ్ళీ వదిలేస్తాం. ఇక్కడ గిన్నె చీమే. చీమ పోతే తేనె వస్తుంది, మళ్ళీ కొత్త గిన్నె తయారు కావాలి. రాణి ఒక్కతే మొదలుపెట్టి గుడ్లు పెట్టి, పిల్లల్ని సాకి, గూడు పెద్దది కావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా అవి ఎండునేల జీవులు. మన డెల్టా తేమకి గూడు బూజు పడితే అంతే సంగతులు. ఇందులో రైతుకి మిగిలేదెక్కడ? రాణి చీమ అమ్మినవాడికే మిగిలేది.

ఈ మాట నేను ఊరికే అనట్లేదు. ఈము పక్షులు గుర్తున్నాయా? నూనె అన్నారు, మాంసం అన్నారు, తోలన్నారు, పిల్లల్ని మేమే తిరిగి కొంటాం అన్నారు. నేనూ అప్పు చేసి నాలుగు జతలు తెచ్చా. పక్షులు పెరిగాయి, మేత ఖర్చు పెరిగింది, కొనేవాడు మాత్రం ఫోనెత్తడం మానేశాడు. ఆ అప్పు తీర్చడానికి మూడు పంటలు పట్టింది. పక్షి తప్పేం లేదండీ. దాన్ని తినేవాడు, కొనేవాడు ఉన్నాడా అని చూడకుండా అమ్మేవాడి మాట నమ్మా. అదీ నేను చేసిన తప్పు.

డబ్బు పోతే పోయిందనుకుందాం. ఆ చీమ గూట్లోంచి బయటపడితే? మీ చేలో పిండినల్లి ఎక్కడుందో చీమల బారు చూస్తేనే తెలిసిపోతుంది కదా. ఆ తియ్యటి జిగురు కోసం చీమలు పిండినల్లిని కాపలా కాస్తాయి. ఈ తేనె చీమ బతికేదే ఆ తీపి మీద. మన దగ్గర బతుకుతుందో చస్తుందో తర్వాత మాట, మన చేలోనే ఆ పరీక్ష ఎందుకు? తమిళనాడు దిండిగల్ జిల్లాలో కరందమలై అడవి పక్క ఊళ్ళలో 2022లో పచ్చ వెర్రి చీమలు దండు కట్టి పశువుల కళ్ళ మీదకి ఎక్కాయి, జనం పొలాలకి వెళ్ళలేకపోయారు. అంతదూరం ఎందుకు, బందరు కాలవ, ఏలూరు కాలవ గట్టు మీద నిలబడి చూడండి. గుర్రపు డెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికాది. పువ్వు ముచ్చటగా ఉంటుందనే జనం దేశదేశాలకీ మోసుకెళ్ళారు. ఇప్పుడు చివరి భూములకి నీరు అందట్లేదని ఏటా మొత్తుకునేది మనమే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశం నుంచి ప్రాణమున్న పురుగుల్ని పర్మిట్ లేకుండా తేకూడదు. కెన్యాలో 2025లో సుమారు 5,000 రాణి చీమల్ని గాజు గొట్టాల్లో పెట్టి దాటించబోయిన నలుగురు దొరికిపోతే, ఒక్కొక్కరికి 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా పడింది. చీమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

అట్లాగని మావాడి ఉత్సాహం మీద నీళ్ళు పోయలేదు. "ఒరేయ్, తొలకరి పడ్డాక సాయంత్రం లైటు కింద రెక్కల చీమలు రాలతాయి చూడు. అందులో రెక్కలు విదిల్చేసుకున్న పెద్ద గండుచీమ రాణిని పట్టుకో. గాజు గొట్టంలో సగం నీళ్ళు పోసి, దూదితో బిగించి, ఇవతల దాన్ని పెట్టి చీకట్లో ఉంచు" అన్నా. తొలి పనిచీమలు వచ్చేదాకా అది తిండి కూడా అడగదు, ఒంట్లో ఉన్నదాంతోనే పిల్లల్ని పెంచుతుంది. ఆస్ట్రేలియా తేనె చీమ మన గండుచీమకి దాయాదే, రెండూ ఒకే జాతి గుంపువి. మనదీ తీపిని పొట్టలో మోసుకొచ్చి నోటితో పంచుతుంది. రంగు కలిపిన పంచదార నీళ్ళు పెడితే పొట్టలో ఆ రంగు కనపడుతుంది. చూసి నేర్చుకోవడానికి అది చాలదా? పైసా ఖర్చు లేదు, తప్పించుకున్నా మన దొడ్లోకే పోతుంది.

తేనె మీద ఆదాయమే కావాలంటే తేనెటీగల పెట్టెలున్నాయి. నేర్పేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు. ఈగలు తిరిగే సమయంలో మందు కొట్టకుండా ఉంటే మన పంటకీ మేలు.

గ్రూపులో ఆ వీడియో పెట్టిన తమ్ముడికి కోపం రావచ్చు. నీ మీద కాదు తమ్ముడూ, నా పాత అప్పు గుర్తొచ్చి రాశా. ఇప్పటికే ఎవరన్నా రాణి చీమకి డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడకుండా కింద రాయండి. పక్కవాడైనా ఆగుతాడు.