లోను ఇస్తార్లే!

అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసి, "అక్కా, మెడికల్ అసిస్టెంటు కోర్సులో చేరుతున్నా, రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ" అంది. డాక్టరు దగ్గర బీపీ చూడటం, రక్తం తీయటం, రోగుల వివరాలు రాసుకోవటం. మంచి పనే. ఫీజెంతే అంటే, "లోను ఇస్తార్లే" అంది. నా గుండె ఝల్లుమంది. మన ఇళ్లల్లో పెళ్లిళ్లకి అప్పు చేసేటప్పుడూ ఇదే మాట కదా!

అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో 2023లో ఈ ఉద్యోగుల్లో సగం మందికి ఏడాది జీతం 42,000 డాలర్ల లోపే. రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకండి, ఇంటద్దె కట్టేదీ డాలర్లలోనే. పైగా ఏడాది సర్టిఫికెట్ కోర్సు చదివినవాళ్లకీ ఈ ఉద్యోగమే ఇస్తారు. మరి రెండో ఏడాది ఫీజు దేనికి?

ఇంకో చిక్కు. తనది హెచ్-4 వీసా. చదువుకోవచ్చు, వర్క్ పర్మిట్ లేనిదే డాలరు సంపాదించకూడదు. ఆ పర్మిట్ 2015 నుంచి కొందరికే ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు కొంత దూరం నడిచాకే. ప్రభుత్వ విద్యారుణమూ రాదు, ప్రైవేటు బ్యాంకే దిక్కు. జీతం రాకపోయినా వాయిదా ఆగదుగా!

ఇదంతా చెబితే, "నువ్వూ మా ఆయనలాగే మాట్లాడుతున్నావక్కా" అని చిన్నబుచ్చుకుంది. చదవొద్దనలేదే తల్లీ! ముందు పర్మిట్ సంగతి తేల్చుకుని, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సర్టిఫికెట్ కోర్సు ఫీజెంతో కనుక్కోమన్నాను. ఆదివారం చేస్తానంది.