చింతపల్లి దీపానికి చరిత్ర రాయించండి

దీపస్తంభాలు, దీపనౌకల డైరెక్టరేట్ జనరల్ (నోయిడా) అధిపతి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఎన్టీఆర్ జిల్లా జగ్గయ్యపేట మండలం వేదాద్రి నుంచి రాస్తున్నాను. మాది కృష్ణ ఒడ్డు ఊరు. సముద్రం చూడాలంటే సుమారు నూటయాభై కిలోమీటర్లు పోయి బందరు (మచిలీపట్నం) చేరాలి. మెట్ట ప్రాంతంవాడికి లైట్‌హౌసులతో పనేమిటని మీ కార్యాలయంలో ఎవరికైనా అనిపించవచ్చు. అందుకే నా హక్కేమిటో ముందు చెప్పుకుని, అడగవలసింది తర్వాత అడుగుతాను.

మొదటిది ఒండ్రు ఇచ్చిన హక్కు. శ్రీశైలం, సాగరు, పులిచింతల కట్టకముందు ప్రతి వరదకూ మా రేవు పక్కనుంచి దిగిపోయిన ఒండ్రే కింద దివిసీమ అయింది. నేల కాగలిగినంత నేల అయింది, మిగిలింది సముద్రంలో మేటలు వేసింది. బందరు రేవుకు పెద్ద ఓడ ఏనాడూ దగ్గరికి రాలేకపోయింది. ఐదు మైళ్ల అవతల లంగరు వేస్తే పడవలు పోయి సరుకు దించుకొచ్చేవి. డెల్టా తీరాన కొండ లేదు, గుట్ట లేదు. నావికుడి కంటికి నేల ఆనేసరికి ఓడ అడుగు బురదలో కూరుకుపోవచ్చు. అలాంటి చోట మనిషి కట్టిన దీపమే నావికుడికి కొండ గుర్తు. మా ఏరు తెచ్చిపోసిన మేటల దగ్గర కాపలా కాస్తున్న దీపం గురించి అడిగే చనువు మాకు ఉంటుంది కదా!

రెండోది బాట ఇచ్చిన హక్కు. గోల్కొండ నుంచి బందరుకు పోయే పాత రహదారి మా మెట్ట మీదుగానే సాగేది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియె పదిహేడో శతాబ్దంలో ఆ దారిన తిరిగినవాడే. పరిటాల, కొల్లూరు గనుల వజ్రాలు మా చుట్టుపక్కలవే. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగింది ఈ లోపలి సరుకు కోసం కూడా. ఇంకా వెనక్కి వెళితే, రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో కృష్ణను మైసోలస్ అన్నాడు. ఈ తీరంలోనే ఓడలు ఒడ్డు వదిలి నడిసముద్రం మీదుగా తూర్పున బంగారు దేశానికి మళ్లే చోటు ఒకటి ఉందనీ రాశాడు. ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. జగ్గయ్యపేట ధనబోడు మీది బౌద్ధస్తూపం ఆ తీరాన్నీ లోపలి దేశాన్నీ కలిపిన బాట ఎంత పాతదో చెబుతుంది. మా ఊరి స్థలపురాణానికి కూడా సముద్రమే మొదలు. సోమకాసురుడు దాచిన వేదాలను మత్స్యావతారుడు సముద్రంలోంచి తెస్తే, ఆ వేదాలే ఇక్కడ కొండై నిలిచాయని చెప్పుకుంటాం.

మూడోది తుపాను ఇచ్చిన హక్కు. మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త రేడియోలో విని కల్లంలో ధాన్యం మీద పట్టాలు కప్పుకున్న తరం మాది. ఆ హెచ్చరిక పద్ధతి పుట్టుకలో బందరు ప్రాణాలున్నాయి. 1864లో అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును తుపాన్లు కొట్టాయి. ఒక్క బందరు ఉప్పెనలోనే సుమారు 30 వేలమంది పోయారు. ఈ రెండు ఘోరాల తర్వాతే దేశంలో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికలు అందాయి, 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. రాయి ఎక్కడుందో, మేట ఎక్కడుందో దీపం చెప్పగలదు. గాలి ఎటునుంచి వస్తుందో చెప్పలేదు. ఆ రెండో పనికి మరో వ్యవస్థ కావాలని దేశానికి తెలిసింది అంతమంది పోయాకే.

ఇక అసలు విషయానికి వస్తాను. మాకు ఏటి అవతల కూడా ఒక చింతపల్లి ఉంది. అమరావతికి మారకముందు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కోట ఉన్న ఊరది. నేను అడిగేది దాన్ని గురించి కాదు. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న చింతపల్లి సంగతి. ఇంగ్లీషు పటాల్లో దాన్ని శాంతపిల్లి అని రాసుకున్నారు. అక్కడి చిన్న కొండ మీద 1847లో లైట్‌హౌసు వెలిగింది. తెలుగు తీరంలో అంత పాత దీపాల స్థానాలు చాలా అరుదు.

ఆ కొండ మీదే ఎందుకు? అక్కడికి మైళ్ల దూరంలో, సముద్రంలో రాళ్లున్నాయి. తీరం వెంట భీమునిపట్నం పోయే ఓడలకు అవి గండం. భీమిలి అప్పట్లో చిన్న రేవు కాదు. డచ్చివాళ్లు చాలాకాలం ఏలుకుని 1825లో ఇంగ్లీషువాళ్లకు వదిలిన రేవు. నూనెగింజలు, నీలిమందు, కరక్కాయ, తర్వాత గోగునార అక్కడినుంచే పోయాయి. ఆ సరుకు క్షేమంగా పోవాలంటే ఆ రాళ్లెక్కడున్నాయో రాత్రిపూట తెలియాలి. కొండ ఎక్కించిన దీపానికి ఒక లాభం ఉంది. భూమి గుండ్రం కాబట్టి ఎత్తు పెరిగేకొద్దీ దీపం దూరానికి కనిపిస్తుంది. 25 మీటర్ల ఎత్తునున్న దీపం నీటిమట్టం దగ్గరున్న కంటికి సుమారు 18 కిలోమీటర్ల వరకు ఆనితే, 100 మీటర్ల ఎత్తునున్నది సుమారు 36 కిలోమీటర్ల వరకు ఆనుతుంది. చదునైన డెల్టాలో ఆ ఎత్తంతా ఇటుకతోనో ఇనుముతోనో కట్టుకోవాలి. చింతపల్లిలో అందులో కొంత ప్రకృతే ఇచ్చింది.

1847 అంటే కిరోసిన్ ఇంకా అంగళ్లకు రాని కాలం. మద్రాసు కోటలో 1796లో వెలిగించిన మొదటి దీపం కొబ్బరినూనెది. ఒత్తి కత్తిరించడం, మసి పట్టిన గాజు తుడవడం, తెల్లవార్లూ వెలుగు తగ్గకుండా చూడడం మనుషుల పని. దీపం చుట్టూ కటకాలు తిరిగే లైట్‌హౌసులు వచ్చాక గడియారంలా కీ ఇచ్చి బరువును పైకి లాగడం ఇంకో పని అయింది. ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులన్నది ఒక్కో దీపానికి ఒక్కో లెక్క. ఆ లెక్కను బట్టే సరంగు తానెక్కడున్నాడో తెలుసుకునేవాడు. చేపల వేటకు పోయిన పడవ మీద తండేలు ఏ పటమూ చూడకుండా అదే లెక్కతో ఇల్లు చేరాడు. కూలికోసం రంగం (రంగూన్) వెళ్లినవాళ్లు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కారు. బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు పడిందే మన కోరంగి రేవు పేరు మీద. రాత్రివేళ ఈ తీరం దాటిన ఓడ మీదివాళ్లకు సొంత గడ్డ తాలూకు చివరి ఆనవాలు ఈ దీపాలే అయివుంటాయి.

ఇంత కథ ఉన్న దీపం గురించి ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? మద్రాసుతో పోల్చి చూడండి. కోటలో 1796 నాటి దీపం, హైకోర్టు ఆవరణలో 1844 నాటి రాతి స్తంభం, 1894లో హైకోర్టు గోపురం మీదికెక్కిన దీపం, 1977లో మెరీనాలో వచ్చిన కొత్త స్తంభం. నాలుగు మెట్ల ఆ చరిత్ర చెన్నైవాసి వేళ్ల మీద చెబుతాడు. మహాబలిపురంలో మీ శాఖ లైట్‌హౌసు మ్యూజియమే పెట్టింది. గుజరాత్‌లోని లోథల్‌లో జాతీయ సముద్రయాన వారసత్వ సముదాయంలో 77 మీటర్ల ఎత్తున లైట్‌హౌసు మ్యూజియం రానుంది. దానికి డబ్బు పెట్టేది మీ శాఖే. సంతోషం. కొత్తగా కట్టే స్తంభంలో దేశం మొత్తం లైట్‌హౌసుల కథ చెప్పబోతున్నవాళ్లకు, పాత దీపం వెలిగిన కొండ దగ్గరే దాని కథ చెప్పడం భారం కాదు.

చట్టం కూడా మీ చేతిలోనే ఉంది. 1927 నాటి లైట్‌హౌసు చట్టం స్థానంలో 2021లో వచ్చిన నౌకాయాన సహాయక సాధనాల చట్టం ‘వారసత్వ దీపస్తంభం’ అన్న హోదాను గుర్తించింది. అలాంటివాటిని విద్యకు, సంస్కృతికి, పర్యాటకానికి ఉపయోగపడేలా తీర్చవచ్చని చెప్పింది. పర్యాటకం ముందే మొదలైంది. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి 75 లైట్‌హౌసుల్లో పర్యాటక సదుపాయాలను జాతికి అంకితం చేశారు. నేను పర్యాటకానికి అడ్డు చెప్పను. పిల్లలు మెట్లెక్కాలి, పైనుంచి సముద్రం చూడాలి, ఫొటోలు దిగాలి. కాని చట్టం రాసిన మూడు మాటల్లో పర్యాటకం మూడోది. మొదటి రెంటికీ పార్కుతో, తినుబండారాల కొట్టుతో లెక్క తీరదు.

జీపీఎస్ వచ్చాక ఈ దీపాల అవసరమే తగ్గిందని కొందరంటారు. పెద్ద ఓడ విషయంలో అది కొంత నిజమే. నేను చెప్పేది మరో అవసరం గురించి. లైట్‌హౌసు రికార్డులు మన తీరానికి కొలబద్దలు. చింతపల్లి దీపం కొండ మీద ఉంది, కదలదు. డెల్టా దీపాలు అలా కాదు. గోదావరి ఒండ్రుకు కోరంగి రేవు పూడిపోయింది, కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అనే ఇసుక తిన్నె పెరిగింది. ఇప్పుడు ఆనకట్టలు ఒండ్రును పైనే పట్టి ఉంచడంతో కృష్ణా, గోదావరి డెల్టాల అంచుల్లో చాలాచోట్ల సముద్రమే నేలను తింటోంది. ఏ ఏడాదిలో దీపం ఎక్కడ ఉంది, దానికి నీరు ఎంత దూరంలో ఉంది, ఎందుకు మార్చవలసి వచ్చింది అన్న వివరాలు మీ దస్త్రాల్లో ఉండవలసినవి. ఉపగ్రహ చిత్రాలు యాభై ఏళ్ల వెనక్కి మాత్రమే చూడగలవు. దీపాల లెక్కలు ఇంకో వందేళ్లు వెనక్కి తీసుకెళ్లగలవు. మా ఎగువన ఆగిన ఒండ్రుకు, కింద కోసుకుపోతున్న నాగాయలంక తీరానికి ఉన్న సంబంధం తేల్చడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

అందుకని నేను అడిగేవి మూడు.

ఒకటి, చింతపల్లి దీపస్థానాన్ని 2021 చట్టం కింద వారసత్వ దీపస్తంభంగా ప్రకటించండి. దాని కట్టడంలో ఏ భాగం ఎప్పటిదో, ఏ దీపం, ఏ కటకం ఎప్పుడు మారాయో నిపుణులతో పరిశీలింపజేయండి. ఆ పని అయ్యేదాకా పాత గోడకు కొత్త రంగు, కొత్త టైల్సు వద్దు.

రెండు, కళింగపట్నం నుంచి పులికాట్ దాకా ప్రతి లైట్‌హౌసు దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. శంకుస్థాపన పేర్ల ఫలకం నేను అడగడం లేదు. ఇక్కడే దీపం ఎందుకు పెట్టారు, ముందున్న గండం ఏది, మొదట ఎప్పుడు వెలిగింది, ఎన్ని సెకన్లకు ఎన్ని మెరుపులు ఇస్తుంది, ఈ రేవు నుంచి ఏ సరుకు పోయింది, ఏ తుపాను ఏం చేసింది అన్నవి పదిహేను వాక్యాల్లో చెబితే చాలు. రాయడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ ఉంది.

మూడు, పాత లాగ్‌బుక్కులను, పటాలను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టండి. ఒత్తి దీపాల కాలంవాళ్లు ఎలాగూ లేరు. కిరోసిన్ బర్నరు నుంచి కరెంటుకు, అక్కడినుంచి ఎల్ఈడీకి మారిన రోజులు చూసిన ఉద్యోగులు కొందరైనా పింఛన్లు తీసుకుంటూ ఉంటారు. వాళ్ల మాటలు రికార్డు చేయించండి. ఖర్చు చాలా తక్కువ, ఆలస్యమైతే మాత్రం ఎంత పెట్టినా దొరకదు.

వీటితోపాటు బందరు విషయంలో ఒక్క మాట. తపసిపూడి దగ్గర 2023లో పనులు మొదలైన కొత్త రేవు వస్తే బందరు ఒడ్డుకే పెద్ద ఓడలు వస్తాయి. నాలుగొందల ఏళ్ల కిందట ప్రపంచ వర్తకులను రప్పించి, 1864లో ఒక్క రాత్రిలో చితికిపోయిన పట్నానికి అది రెండో పుట్టుక. మంగినపూడి లైట్‌హౌసులో ఒక గది ఆ కథకు కేటాయిస్తే, రేవులో దిగే నావికుడికీ, బస్సులో సముద్రం చూడటానికి వచ్చే మా మెట్ట బడిపిల్లలకీ ఒకేచోట అది దొరుకుతుంది. 2022లో జిల్లాలు విడిపోయి మేం ఎన్టీఆర్ జిల్లా అయ్యాం, బందరు కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. ఏరు మాత్రం విడిపోలేదు. బందరు చరిత్రలో మా వాటా మాకు కావాలి.

లైట్‌హౌసులు నడిచేది ఓడలు కట్టే రుసుముతో, ప్రజల ఆస్తిగా. మీ శాఖ ఏటా సెప్టెంబరు 21న లైట్‌హౌసుల దినోత్సవం జరుపుకుంటుంది. వచ్చే దినోత్సవం నాటికి ఈ మూడింటిలో కనీసం రెండో పని చింతపల్లిలో పూర్తయ్యేలా ఆదేశించగలరని కోరుతున్నాను. ఏం నిర్ణయించినా ఈ లేఖకు జవాబును కూడా బహిరంగంగా, తెలుగులో ఇప్పించండి.

ఇట్లు,
వేదాద్రి నుంచి ఒక కృష్ణాతీరవాసి