పంది మాంసానికి మసాలా ముసుగెందుకు?

పంది మాంసం వండాలంటే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ‘మసాలా గట్టిగా పడాలి’. అల్లం వెల్లుల్లి, ధనియాలు, కారం, దించే ముందు మళ్లీ ఇంకో చెంచా గరం మసాలా. ఇంత పడ్డాక అది పందో మేకో నాలుకకు తెలియదు. తెలియకూడదనే వేస్తున్నాం. కంపు కొడుతుందని కొంత, పక్కింటివాళ్లకు తెలుస్తుందని కొంత. తినని వాళ్ల సంగతి వేరు, వాళ్ల నమ్మకం వాళ్లది. తినేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. మంచి పంది మాంసానికి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి చాలు. అవి చాలని మాంసమైతే అసలు కొనకూడదు.

సికింద్రాబాద్‌లో నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. ఈ వంట నాకు నేర్పింది మా వార్డులో సీనియర్, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ సిస్టర్. లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట లాంటి రైల్వే ఊళ్లలో ఆ కుటుంబాలకు పాట్ రోస్ట్ బాగా అలవాటు. దానికి ఓవెన్ అక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న గిన్నె, దానికి సరిపోయే మూత ఉంటే సరి.

కిలోన్నర జబ్బ మాంసం ఒకే ముక్కగా, చర్మం కొవ్వు తీయకుండా తెచ్చుకోవాలి. కొట్టులో అలవాటు కొద్దీ చిన్న ముక్కలు కొట్టబోతారు, ముందే చెప్పి ఆపాలి. మూడు చిన్న చెంచాల ఉప్పు, చెంచాన్నర మిరియాలు కచ్చాపచ్చాగా దంచి అన్ని వైపులా రుద్ది, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉప్పు మొదట నీటిని పైకి లాగుతుంది. తెల్లారేసరికి ఆ ఉప్పునీరే చాలావరకు మళ్లీ కండలోకి ఇంకుతుంది. మర్నాడు నూనె చుక్క వేయకుండా, కొవ్వు వైపు కిందికి ఉండేలా ముక్కను గిన్నెలో పెట్టి సన్న సెగ మీద ఉంచితే కాసేపట్లో కొవ్వు కరగడం మొదలవుతుంది. అందులోనే నాలుగు వైపులా ఎర్రబడనిచ్చి, వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే వేసి, గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టాలి. రెండున్నర గంటలు, సన్న సెగే. జబ్బలో పొరలు ఎక్కువ. లోపలి వేడి 90 డిగ్రీల దాకా వచ్చి అక్కడ నిలబడితేగానీ అవి కరిగి జిగురు కావు. తర్వాత మూత తీసి చెవి ఒగ్గి వినాలి. నీళ్లున్నంతసేపూ గుడగుడమంటుంది. నీళ్లు ఇగిరిపోయి కొవ్వు మిగిలిన క్షణాన ఆ చప్పుడు చిటపటగా మారుతుంది. అక్కణ్నుంచి గిన్నె దగ్గరే నిలబడి తిప్పుతూ ఉండాలి. చర్మం రాగిరంగుకు వస్తుంది, అడుగున గోధుమరంగు చెక్కు కడుతుంది. ఆ చెక్కులో ఉడికించిన బంగాళాదుంపలు దొర్లిస్తే నా ఉద్దేశంలో మాంసం కన్నా అవే ముందు అయిపోతాయి. దించాక పావుగంట ఆగి కోయాలి. వేడి మీద కోస్తే రసమంతా పళ్లెంలోకి పోతుంది.

ఇక కంపు సంగతి. అది చాలావరకు విత్తులు తీయకుండా పెంచిన మగపంది కొవ్వులో ఉంటుంది, ఈడుకొచ్చాక అక్కడ చేరుతుంది. దాన్ని ఏ మసాలా పోగొట్టలేదు. చిన్నప్పుడే విత్తులు తీసిన పందికి, ఆడపందికి ఆ బాధ దాదాపు ఉండదు.

‘పంది తింటే మెదడులో పురుగు’ అనే మాట దగ్గర మాత్రం నేను ఊరుకోలేను. ఫిట్స్‌తో వచ్చినవాళ్లకు స్కాన్ తీస్తే మెదడులో బద్దెపురుగు తిత్తులు బయటపడిన కేసులు మా వార్డులో చూశాను. మాంసం ముట్టని ఇళ్లవాళ్లూ వాళ్లలో ఉన్నారు. తిత్తులున్న మాంసం సరిగా ఉడకకుండా తింటే పేగులో పురుగు పెరుగుతుంది. మెదడుకు తిత్తి చేరేది ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోతే. ఆ గుడ్లు వచ్చేది మనిషి మలం నుంచి: కడగని చేతులు, పాడైన నీళ్లు, శుభ్రం చేయని పచ్చికూరలు. పందికి అంటుకునేదీ మన ఆరుబయటి మలంతోనే. తప్పు మనది, పేరు పందిది. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పంది మాంసం ముక్కకు 63 డిగ్రీల వేడి, తర్వాత 3 నిమిషాలు ఆగడం చాలని చెప్పింది. వీధుల్లో తిరిగిన పంది మాంసానికి నేను ఆ లెక్క ఒప్పుకోను. 90 డిగ్రీల్లో గంటలకొద్దీ ఉడికిన జబ్బతో ఆ భయమే లేదు.

గన్నవరంలో ఒకప్పుడు ప్రభుత్వమే బేకన్ ఫ్యాక్టరీ నడిపింది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల మీద పరిశోధన జరుగుతోంది, టీ-17 అనే సంకర రకం అక్కడ పుట్టిందే. అంటే ఈ విద్య మనకు తెలియనిది కాదు. ఊళ్లలో జరుగుతున్నది వేరు: పందుల్ని పట్టి లారీ ఎక్కించడం, పెంచుకునే ఎరుకల కుటుంబాలను మరింత దూరం నెట్టడం. వాళ్లకు షెడ్డుకు స్థలం, అప్పు, పశువైద్యుడు కావాలి. మేక మాంసం మీద మున్సిపాలిటీ ముద్ర చూసి కొంటాం. నేను తిరిగిన పంది మాంసం కొట్లలో ఆ ముద్ర ఎక్కడా కనబడలేదు. పందులకు వేరే కబేళా కట్టి, డాక్టరు చూశాకే అమ్మకానికి వదలాలి.

అంతదాకా అడగాల్సింది కొనేవాళ్లమే. పంది ఎక్కడ పెరిగింది, ఏం మేసింది, మగదైతే విత్తులు తీశారా, ఎప్పుడు కోశారు? ఘట్‌కేసర్ వైపు షెడ్డు వేసుకుని పెంచే ఒకాయన దగ్గర నేను కొంటాను. ఈ ప్రశ్నల్లో దేనికీ ఆయన తడుముకోరు. రోస్ట్‌కని ముందురోజు ఫోన్ చేస్తే జబ్బను విడగొట్టకుండా పక్కన పెడతారు.