అవయవదానం: సంతకం మనది, సమ్మతి కుటుంబానిది

నోయిడా: 2022 ఏప్రిల్‌లో ఇక్కడ తలకు తుపాకీ గుండు తగిలిన ఆరేళ్ల బాలిక ఢిల్లీ ఎయిమ్స్‌లో చికిత్స పొందుతూ బ్రెయిన్‌డెడ్ అయినట్లు వైద్యులు నిర్ధారించారు. వారి వివరణ విన్న తల్లిదండ్రులు ఆమె కాలేయం, మూత్రపిండాలు, గుండె కవాటాలు, కార్నియాల దానానికి అంగీకరించారు. ఆ బాలిక ఏ పత్రంపైనా సంతకం చేయలేదు. మైనరు గనుక చేసే వీలూ లేదు. అవయవదానంలో కుటుంబానికి గల స్థానమేమిటో ఈ ఉదంతం చాటుతున్నది.

దేశంలో అవయవదానానికి ఆధారం 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం. 2011 సవరణతో కణజాలాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. 2014 నాటి నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండిన వారెవరైనా ఫారం-7 ద్వారా మరణానంతర దానానికి ప్రతిజ్ఞ చేయవచ్చు. ఇద్దరు సాక్షులు అవసరం; వారిలో ఒకరైనా సమీప బంధువై ఉండాలి. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ 'నోటో' వెబ్‌సైట్‌లో ఆధార్ ధ్రువీకరణతో నమోదు చేసుకునే సదుపాయం 2023 సెప్టెంబరులో ఏర్పడింది. టోల్‌ఫ్రీ నంబరు 1800114770. మనసు మారితే ప్రతిజ్ఞను ఉపసంహరించుకోవచ్చు.

ఈ రిజిస్టరు జాతీయస్థాయిది. కాబట్టి ఉద్యోగరీత్యా నోయిడాలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడి నుంచే పేరు నమోదు చేసుకోవచ్చు. అవయవాల కేటాయింపు వ్యవహారాలను మాత్రం రాష్ట్రస్థాయి సంస్థలు చూస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో ఆ బాధ్యత లక్నోలోని సంజయ్‌గాంధీ పీజీఐ ప్రాంగణంలోని సంస్థది; తెలంగాణలో హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా నడిచే జీవన్‌దాన్‌ది.

అసలు చిక్కు ప్రతిజ్ఞకు, ఆచరణకు మధ్య ఉన్నది. మృతుడు సాక్షుల సమక్షంలో రాసి ఇచ్చిన అనుమతిని, దానిని రద్దు చేసుకున్నట్లు ఆధారం లేనంతవరకు, మన్నించాలని చట్టం చెబుతున్నది. అయినప్పటికీ కుటుంబం ఫారం-8పై సంతకం చేయనిదే ఆసుపత్రులు ముందుకు సాగవు. మృతుడు ప్రతిజ్ఞ చేయకపోయినా, జీవించి ఉండగా అభ్యంతరం తెలిపి ఉండకపోతే, దగ్గరి బంధువులు దానానికి అనుమతించవచ్చు. అంటే రెండు సందర్భాల్లోనూ చివరి మాట కుటుంబానిదే.

ఆ మాట చెప్పవలసిన ఘడియ కూడా కఠినమైనదే. నలుగురు వైద్యుల బోర్డు కనీసం ఆరు గంటల వ్యవధితో రెండు పర్యాయాలు పరీక్షలు జరిపి బ్రెయిన్‌డెత్‌ను ధ్రువీకరించాలి. వెంటిలేటర్‌పై గుండె కొట్టుకుంటూనే ఉంటుంది గనుక మరణాన్ని నమ్మడం బంధువులకు దుస్సాధ్యం. మృతుని అభిమతం ముందే తెలిసిన కుటుంబానికి ఆ నిర్ణయం కొంత తేలికవుతుంది. నేత్రదానానికి బ్రెయిన్‌డెత్ అవసరం లేదు. ఇంట్లో సహజంగా మరణించినవారి కార్నియాలను సైతం సుమారు ఆరు గంటల్లోగా సేకరించవచ్చు.

2023లో దేశవ్యాప్తంగా 18,378 అవయవ మార్పిడులు జరిగాయి. మరణానంతర దాతలు మాత్రం 1,099 మందే. అంటే పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరన్నమాట. వీరిలో 252 మంది తెలంగాణ వారు కావడం, ఆ రాష్ట్రం దేశంలో ప్రథమ స్థానంలో నిలవడం గమనార్హం. మిగతా భారమంతా ప్రధానంగా సజీవ దాతలపైనే పడుతున్నది.

ఈ కొరతే అక్రమ వ్యాపారానికి ఊపిరి. 2008లో గుర్‌గావ్ కిడ్నీల ముఠా బయటపడింది. 2024 జూలైలో, నోయిడాలోని ఒక ఆసుపత్రిలో నకిలీ పత్రాలతో బంగ్లాదేశీయులకు కిడ్నీ మార్పిడులు జరిగాయన్న ఆరోపణపై ఢిల్లీ పోలీసులు ఒక వైద్యురాలు సహా పలువురిని అరెస్టు చేశారు. అవయవాల క్రయవిక్రయాలకు చట్టం ఐదు నుంచి పదేళ్ల జైలు, రూ.20 లక్షల నుంచి కోటి వరకు జరిమానా విధిస్తున్నది. కానీ శిక్షలతోనే కొరత తీరదు.

ప్రతిజ్ఞ పత్రంలో సమీప బంధువు సాక్షి సంతకాన్ని చట్టం కోరడంలోని ఆంతర్యం ఇక్కడే బోధపడుతుంది. ఆ సంతకాన్ని లాంఛనంగా ముగించక, ఇంటిల్లిపాదితో ఒక్కసారి మాట్లాడి చేయించుకున్నప్పుడే దాత సంకల్పం ఆసుపత్రి దాకా చేరుతుంది.