పెద్ద యంత్రమే పరిష్కారమా?

అణువుల కదలికలను లెక్కగట్టే గ్రోమాక్స్ వంటి ప్రోగ్రాములను ఒక ప్రయోగశాల నుండి మరొక ప్రయోగశాలకు తరలించడం ఒకప్పుడు పెద్ద ప్రయాస. 2013లో డాకర్ వెలువడిన తరువాత, ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామానూ ఒకే మూటగా కట్టి పంపే పద్ధతి బాగా వ్యాపించింది. ఈ మూట పేరు కంటెయినరు ఇమేజి. దీనిని కట్టడానికి పరిశోధక బృందాలు తరచుగా అద్దె కంప్యూటర్లను ఆశ్రయిస్తాయి. అద్దె వాడిన కాలాన్ని బట్టి పడుతుంది. ప్రాసెసరు కోర్లు రెట్టింపయితే అద్దె కూడా ఇంచుమించు రెట్టింపు. అయినా పని ఆలస్యమైతే చాలు, పెద్ద యంత్రం కావాలనే మాటే ముందుగా వినిపిస్తుంది. గ్రాంటు సొమ్ము కరిగిపోయేది ఇక్కడే.

ఇమేజి తయారీలోని పనులన్నీ ఒకే తీరువి కావు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రామును కంపైలు చేయడం అనేక కోర్లు పంచుకోగల పని. ప్యాకేజీలను దింపుకోవడం, విప్పడం, చివరి లింకింగు వంటి వాటికి అదనపు కోర్ల వలన ఒరిగేది స్వల్పం. రసాయన చర్యలో అన్నిటికంటె మందమైన దశ వేగాన్ని శాసించినట్లే, ఇక్కడ పంచుకోలేని పని శాసిస్తుంది. జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన సారాంశం ఇదే.

ఉదాహరణకు, ఒక్క కోరుతో 20 నిమిషాలు పట్టే తయారీలో 8 నిమిషాలు పంచుకోలేనివి అనుకుందాం. 4 కోర్లతో అది 11 నిమిషాలలో, 16 కోర్లతో 8 నిమిషాల 45 సెకన్లలో ముగుస్తుంది. కోరుకు నిమిషానికి ఒక సెంటు చొప్పున మొదటి దానికి 44 సెంట్లు, రెండవ దానికి 1 డాలరు 40 సెంట్లు. మిగిలిన రెండుంబావు నిమిషాలకు చెల్లించిన మూల్యం దాదాపు ఒక డాలరు!

జ్ఞాపకశక్తి విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒకేసారి నడిచే ఒక్కొక్క కంపైలరుకూ కొంత మెమరీ కావాలి. అది చాలకపోతే లినక్స్ నిర్దాక్షిణ్యంగా పనిని మధ్యలోనే చంపుతుంది. అంతవరకు కట్టిన అద్దె బూడిదలో పోసిన పన్నీరే. కనుక ముందు కొలవవలసినది గరిష్ఠ మెమరీ వాడకం, ఆ తరువాతనే కోర్ల సంఖ్య.

యంత్రాన్ని మార్చడానికి ముందు డాకర్‌ఫైలులోని వరుసను చూడడం మేలు. ఇమేజి పొరలు పొరలుగా తయారవుతుంది. ఒక పొర మారితే దాని తరువాతివన్నీ మళ్లీ కట్టాలి. తరచు మారే సొంత ప్రోగ్రామును ప్యాకేజీల కంటె ముందు చేర్చితే, ఒక్క అక్షరం దిద్దినా ప్యాకేజీలన్నీ మళ్లీ దిగుమతి కావలసిందే. పైగా అద్దె యంత్రం చాలాచోట్ల ప్రతిసారీ ఖాళీగానే మొదలవుతుంది. పాత పొరలను వేరొకచోట దాచి తెచ్చుకునే ఏర్పాటు లేకపోతే వరుస సరిచేసినా ఫలితం దక్కదు.

మనిషి కాలం యంత్రం కాలం కంటె ఖరీదైనదనే వాదన ఉంది. ఎదురుచూసే మనిషి ఉన్నప్పుడు అది న్యాయమే. రాత్రివేళ తమంతట తాము నడిచే తయారీలకు మాత్రం 2 కోర్లు చాలు. తెల్లవారేసరికి ఇమేజి సిద్ధంగా ఉంటుంది.